ఇద్దరు రిక్రూటర్లు, ఒకటే కంపెనీ, మధ్యలో నేను

ఈసారి ఉత్తరం ఒక పాఠకురాలిది. పేరు వేయొద్దన్నారు. వయసు 37. వస్తువులు తయారుచేసే ఒక కంపెనీలో, కొనుగోళ్ల విభాగంలో 12 ఏళ్లుగా పనిచేస్తున్నారు. కొత్త మేనేజరు వచ్చాక ఇక్కడ తనకు ఎదుగుదల లేదనిపించి, నాలుగు నెలల కిందట వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టారు. మొదటి నెలలోనే ఒక రిక్రూటర్, అంటే కంపెనీలకు ఉద్యోగులను వెతికిపెట్టే ఏజెన్సీ ఆవిడ, ఫోన్ చేశారు. గంటసేపు ఓపిగ్గా మాట్లాడి, రెజ్యూమేలో ఏది పైకి తేవాలో ఏది తీసేయాలో చెప్పి, ఒక పెద్ద కంపెనీకి పంపారు. "సొంత అక్కలా మాట్లాడారు" అని రాశారు ఈవిడ. ఆ తర్వాత మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. ఆ మధ్యలోనే ఇంకో ఏజెన్సీ ఆయన ఫోన్ చేసి, "చాలా మంచి కంపెనీ, పేరు ఇప్పుడే చెప్పకూడదు, రెజ్యూమే ఇవ్వండి, ఈ రోజే పంపేస్తాను" అంటే ఇచ్చేశారు. తీరా చూస్తే అదీ అదే కంపెనీ.

ఇప్పుడు ఆ కంపెనీ హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. మీ రెజ్యూమే రెండు ఏజెన్సీల నుంచి వచ్చింది, మీ తరఫున మాట్లాడేది ఎవరో చెప్పండి అని. మొదటి ఆవిడ "నన్ను నమ్మలేదా?" అని నొచ్చుకున్నారు. రెండో ఆయన "ముందు అనుమతి ఇచ్చింది నాకేనని పాత తేదీ వేసి ఒక మెయిల్ పెట్టండి" అంటున్నారు. పైగా ఆయన పంపిన రెజ్యూమేలో, ఈవిడ ఎన్నడూ ముట్టుకోని ఒక సాఫ్ట్‌వేర్ పేరు కొత్తగా చేరింది.

ఇదిలా ఉండగా, మొదటి రిక్రూటర్ ద్వారానే ఇంకో చిన్న కంపెనీలో ఇంటర్వ్యూలన్నీ పూర్తయ్యాయి. ఆఫర్ ఇస్తామన్నారు, అవునో కాదో శుక్రవారంలోగా చెప్పాలట. తాను నేరుగా అప్లై చేసుకున్న మూడో కంపెనీలో ఆఖరి ఇంటర్వ్యూ ఆ పై వారం ఉంది. ఉత్తరం చివర, ముగించే ముందు ఒకే ఒక్క వాక్యం: "మొదటి ఫోన్‌లో నా జీతం ఉన్నదానికంటే 15 శాతం ఎక్కువ చెప్పాను, ఇప్పుడు చిన్న కంపెనీవాళ్లు మూడు నెలల పే స్లిప్పులు అడుగుతున్నారు." ఎవరికి ఏం చెప్పాలి, రిక్రూటర్లను నమ్మడమే నా తప్పా అని అడుగుతున్నారు.

శుక్రవారం గడువు ఉంది కాబట్టి ఉత్తరం అందిన రోజే మీకు క్లుప్తంగా జవాబు పంపాను. మీరు సరేనన్నారు గనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఉత్తరమంతా రెండు ఏజెన్సీల గొడవ గురించి రాసి, జీతం సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. ఏజెన్సీల గొడవ ముదిరితే మహా అయితే ఒక అవకాశం పోతుంది. జీతం అంకె ముదిరితే చేతిదాకా వచ్చిన ఆఫర్ పోతుంది, దానితో పాటు మీ మాటకున్న విలువా పోతుంది.

ముందుగా ఒక లెక్క వేయండి. జీతం, ఏడాది బోనస్, బీమా, పదవీ విరమణ నిధికి కంపెనీ కట్టే వాటా, అన్నీ కలిపితే ఏడాదికి ఎంతవుతుంది? నేను కొన్నేళ్లు నియామకాల వైపు పనిచేశాను. 'ఎక్కువ చెప్పేశాను' అని టెన్షన్ పడేవాళ్లలో కొందరు నిజానికి మొత్తం ప్యాకేజీనే చెప్పి ఉంటారు. ఆ అంకె పే స్లిప్పులో కనబడక కంగారుపడతారు. మీదీ అదే అయితే అందులో అబద్ధమేమీ లేదు. ఏ అంకె దేనిదో విడదీసి ఒక మెయిల్ రాస్తే చాలు. లెక్క వేశాక కూడా తేడా మిగిలిందా, అప్పుడు 'బోనస్ కలిపి చెప్పానండీ' అని అప్పటికప్పుడు కథ అల్లకండి. బోనస్ లెటర్ చూపించమంటారు.

తేడా నిజమే అనుకుందాం. ఏమీ చెప్పకుండా స్లిప్పులు పంపేసి, ఎవరూ చూడరని ఆశపడొచ్చు. చూస్తారు. స్లిప్పులు అడిగేదే ఆ అంకెను సరిచూసుకోవడానికి. ఒకవేళ ఇప్పుడు ఎవరి కంటా పడకపోయినా, చేరాక జరిగే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడొచ్చు. అప్పటికి పాత ఉద్యోగం వదిలేసి ఉంటారు. మీరిచ్చిన వివరాలు తప్పని తేలితే ఈ ఆఫర్ రద్దవుతుందన్న వాక్యం చాలా ఆఫర్ లెటర్లలో ఉంటుంది, మీకు వచ్చినప్పుడు వెతికి చదవండి. స్లిప్పులో అంకె దిద్దే ఆలోచన మీకు వచ్చిందని నేను అనుకోను. వచ్చి ఉంటే మాత్రం, ఇప్పటిదాకా చేసింది గొప్పలు చెప్పుకోవడం, అక్కడి నుంచి ఫోర్జరీ మొదలవుతుందని గుర్తుంచుకోండి.

మిగిలిన దారి, స్లిప్పులు పంపకముందే మొదటి రిక్రూటర్‌కు ఫోన్ చేసి చెప్పేయడం. తలవంపుగానే ఉంటుంది. ఆవిడకు కోపం రావచ్చు, ఎందుకంటే మీ అంకెను ఆవిడ తన మాటగా కంపెనీ ముందు పెట్టారు. ఆ తర్వాత ఏమైనా జరగొచ్చు. ఆ పోస్టుకు అనుకున్న బడ్జెట్‌లోనే ఆఫర్ ఉంటే, పాత జీతం ఎంతైతే మాకేంటి అని కంపెనీ ఊరుకోవచ్చు. ఆఫర్ కొంచెం తగ్గించొచ్చు. అసలే వద్దనొచ్చు కూడా, అలా జరగదని నేను మాటివ్వలేను. కానీ మీరు చెప్పగా తెలిస్తే, కంపెనీకి సర్దిచెప్పే మనిషి ఒకరు మీకు మిగులుతారు. స్లిప్పు చూసి తెలిస్తే ఆవిడ కూడా మోసపోయినవాళ్లలో చేరతారు. నేనైతే ఫోనే చేస్తాను.

అసలు పాత జీతాన్ని బట్టి కొత్త జీతం తేల్చే పద్ధతే నాకు నచ్చదు. మొదట్లో ఎప్పుడో తక్కువకు ఒప్పుకున్న పాపానికి, ఆ తక్కువే ఉద్యోగం మారినప్పుడల్లా వెంట వస్తుంది. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. అందుకే అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, ఆఫర్ ఇవ్వకముందు పాత జీతం అడగకూడదని 2016లో చట్టం చేసింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన వేతన పారదర్శకత నిబంధనలు కూడా పాత జీతం అడగొద్దంటాయి, ఎంతిస్తారో అభ్యర్థికి ముందే చెప్పమంటాయి. మీరున్న చోట అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా, ఈసారి ఎవరైనా 'ఇప్పుడు ఎంత వస్తోంది?' అంటే 'నేను అనుకుంటున్నది ఇంత, ఈ పోస్టుకు మీ బడ్జెట్ ఎంత?' అని తిరిగి అడగొచ్చు. మరీ పట్టుబడితే ఉన్నది చెప్పండి, లేదా చెప్పడం ఇష్టం లేదనండి. చెప్పనందుకు కొందరు ముఖం చిట్లిస్తారు. ఆ తర్వాత కాగితాలు అడిగితే మాత్రం మీకు భయం ఉండదు.

ఇక 'సొంత అక్కలా' అన్న మాట. ఆవిడ ఆప్యాయత నటన అని నేను అనను. మనుషులంటే ఇష్టం లేనివాళ్లు ఆ పనిలో రోజంతా ఫోన్లు మాట్లాడలేరు. కానీ ఆవిడకు డబ్బు ఇచ్చేది కంపెనీ, మీరు కాదు. మామూలు పోస్టుల్లో ఏజెన్సీకి ఫీజు వచ్చేది అభ్యర్థి ఉద్యోగంలో చేరాకే. అది మొదటి ఏడాది జీతంలో కొంత శాతం. కొన్ని చోట్ల ఒక నెల జీతమంత, అంటే 8.33 శాతం. చాలా చోట్ల 15 నుంచి 25 శాతం దాకా. (మీ దగ్గర రిజిస్ట్రేషన్ అనో ట్రైనింగ్ అనో ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయండి. ఉద్యోగార్థుల దగ్గర ప్రైవేటు ఏజెన్సీలు రుసుము తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒడంబడికలోనే ఉంది, కొద్దిపాటి మినహాయింపులతో.)

ఈ ఫీజు లెక్క అర్థమైతే రిక్రూటర్లు చేసే పనుల్లో సగం అర్థమవుతాయి. మీ జీతం ఇంకో పది శాతం పెంచిపెడితే ఆవిడ ఏజెన్సీ ఫీజు కూడా పది శాతమే పెరుగుతుంది. అదే ఆ బేరంలో మీరు చేజారిపోతే ఫీజంతా పోతుంది. కాబట్టి మీకు ఇంకాస్త ఇప్పించడం కంటే మీ చేత త్వరగా 'సరే' అనిపించడమే ఆవిడకు లాభం. శుక్రవారం గడువును ఈ వెలుగులో చూడండి. అయితే ఇదే లెక్క మీకు పనికొచ్చేది ఒకటుంది. చేరిన కొన్నాళ్లకే, చాలా ఒప్పందాల్లో 90 రోజుల్లోపు, మీరు మానేస్తే ఏజెన్సీ ఫీజు వెనక్కి ఇవ్వాలి, లేదా ఇంకొకర్ని ఊరికే వెతికిపెట్టాలి. అంటే మీకు పడని చోట మిమ్మల్ని కూర్చోబెట్టడం ఆవిడకూ నష్టమే. అందుకని ఆవిడను ధైర్యంగా అడగండి: ఇంతకుముందు ఈ సీట్లో ఉన్నవాళ్లు ఎందుకు మానేశారు? ఈ పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉంది? నాకంటే ముందు పంపినవాళ్లను ఎందుకు వద్దన్నారు? జేడీలో, అంటే ఉద్యోగ వివరాలు రాసిన కాగితంలో, దొరకనివన్నీ ఈ జవాబుల్లో దొరుకుతాయి. వీటిలో ఒక్కటీ మీరు అడిగినట్టు ఉత్తరంలో కనబడలేదు.

ఆ మూడు వారాల మౌనం మీకు నిర్లక్ష్యంలా తోచింది. చాలాసార్లు కంపెనీ నుంచే కబురు ఉండదు, చెప్పడానికేమీ లేనప్పుడు రిక్రూటర్లు ఫోన్ చేయరు. చేయాలి నిజానికి, ఏమీ తెలియలేదన్న ముక్క చెప్పడానికైనా. ఇకపై వారానికోసారి రెండు లైన్ల మెసేజ్ మీరే పెట్టండి.

ఏజెన్సీల గొడవకు వస్తే, రెండో ఏజెన్సీతో మాట్లాడటంలో మీ తప్పేమీ లేదు. ఒక్కరి ద్వారానే వెతుకుతానని మీరు ఎవరికీ రాసివ్వలేదు. కంపెనీ పేరు తెలుసుకోకుండా రెజ్యూమే ఇవ్వడమే పొరపాటు. పేరు దాచడానికి ఆయనకో కారణం ఉంది. చెబితే మీరు నేరుగా అప్లై చేసుకుంటారని, ఫీజు పోతుందని. మొదటి ఫోన్‌లో దాస్తే దాచనివ్వండి. రెజ్యూమే కంపెనీ గడప తొక్కే ముందు మాత్రం పేరు మీకు తెలియాలి, 'ఫలానా కంపెనీకి, ఫలానా పోస్టుకు పంపడానికి ఒప్పుకుంటున్నాను' అని మీ నుంచి ఒక మెయిల్ వెళ్లాలి. పేరు చెప్పకపోతే పంపొద్దని చెప్పండి.

కంపెనీల్లో రెజ్యూమేలు చేరే సాఫ్ట్‌వేర్ ప్రతిదానికీ తేదీ, సమయం నమోదు చేసుకుంటుంది. అదే మెయిల్ ఐడీతోనో, ఫోన్ నంబరుతోనో రెండోది వస్తే పట్టేస్తుంది. ఏజెన్సీలతో ఉండే ఒప్పందాల్లో సాధారణంగా ముందు పంపినవారికే ఆ అభ్యర్థి మీద ఆరు నెలలో, ఏడాదో హక్కు ఉంటుంది. 'ఇద్దరినీ వదిలేసి నేనే నేరుగా అప్లై చేస్తే?' అని మీకు అనిపించొచ్చు, కానీ ఆ హక్కు వల్ల అది పనిచేయదు. కొన్ని కంపెనీలైతే రెండు ఫీజుల తగాదా మాకెందుకని అభ్యర్థినే పక్కన పెట్టేస్తాయి. మీకు మెయిల్ రాసి అడిగారంటే ఇంకా మీ మీద ఆసక్తి ఉందని అర్థం.

పాత తేదీ మెయిల్ మాత్రం పెట్టకండి. లోపల మీరు ఏ తేదీ వేసినా, అది ఎప్పుడు బయల్దేరిందో దాని నుదుటనే రాసి ఉంటుంది. హెచ్‌ఆర్‌కు మీరు రెండు రకాలుగా జవాబివ్వొచ్చు. జరిగింది జరిగినట్టు రాసి, మీ నియమం ప్రకారం మీరే తేల్చండి అనొచ్చు. అందులో మీకు ఎవరితోనూ పేచీ ఉండదు, కానీ ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యంలో ఇంకో అభ్యర్థి ముందుకు పోవచ్చు. లేదా సూటిగా ఇలా రాయొచ్చు: 'ఫలానా తేదీన మొదటి ఏజెన్సీ నా అనుమతితో నా రెజ్యూమే పంపింది. తర్వాత రెండో ఏజెన్సీకి రెజ్యూమే ఇచ్చినప్పుడు అది మీ కంపెనీకేనని నాకు తెలియదు. నా తరఫున మొదటి ఏజెన్సీనే పరిగణించండి. రెండో రెజ్యూమేలో ఉన్న ఫలానా సాఫ్ట్‌వేర్ మీద నేను పనిచేయలేదు. సరైన రెజ్యూమే దీనికి జతచేశాను.' నా మొగ్గు దీనివైపే. రెండో ఆయనకు కోపం వస్తుంది, మళ్లీ ఫోన్ చేయకపోవచ్చు. అడక్కుండా మీ రెజ్యూమేలో కొత్త విద్యలు చేర్చే మనిషి దూరమైతే మీకు నష్టమేమీ లేదు.

ఆ సాఫ్ట్‌వేర్ పేరును చిన్న విషయం అనుకోకండి. ఏజెన్సీలు మన ఫోన్ నంబరు తీసేసి వాళ్ల లోగో పెట్టుకుని రెజ్యూమే పంపడం మామూలే. అనుభవాన్ని మార్చడం మామూలు కాదు. ఒక ఇంటర్వ్యూలో నేను ఒకతన్ని రెజ్యూమేలో ఉన్న ఒక ప్రాజెక్టు గురించి అడిగాను. అతను నా చేతిలోని కాగితం ఓసారి చూస్తానని తీసుకుని, తన పేరు కింద అచ్చయిన ఆ రెండు లైన్లు అప్పుడే మొదటిసారి చదివాడు. పాపం, ఆ తర్వాత అతను చెప్పిన నిజాలు కూడా ఎవరికీ ఎక్కలేదు. ఎవరు పంపినా, పంపిన కాపీ ఒకటి మీకూ పెట్టమని అడగండి.

శుక్రవారం గడువు ఎవరిదో మొదటి రిక్రూటర్‌నే అడగండి, 'కంపెనీదా, మీదా?' అని. అంతకంటే ముందు, ఆఫర్ కాగితం మీద ఉందా? నోటిమాటకు గడువేమిటి? రాతపూర్వకంగా పంపితే చదివి చెబుతాననడంలో మొండితనమేమీ లేదు. చేరే తేదీ, జీతంలో స్థిరమైనదెంత, షరతుల మీద వచ్చేదెంత, నోటీస్ పీరియడ్ ఎంత, ఇవన్నీ అందులోనే తెలుస్తాయి.

అది చేతికొచ్చాక, మూడో కంపెనీ ఇంటర్వ్యూ అయ్యేదాకా నాలుగైదు రోజులు గడువు అడగొచ్చు. ఇంకోచోట ఆఖరి దశలో ఉన్నానని చెప్పే అడగండి. ఏ కంపెనీ అన్నది మాత్రం చెప్పనక్కర్లేదు. అది తెలిస్తే అక్కడ పోస్టు ఖాళీ ఉందని ఇంకో అభ్యర్థిని పంపే రిక్రూటర్లూ ఉన్నారు. అదే రోజు మూడో కంపెనీకి, 'నా చేతిలో ఒక ఆఫర్ ఉంది, ఇంటర్వ్యూ ముందుకు జరపగలరా?' అని రాయండి. మీరు కావాలని వాళ్లు అనుకుంటే జరుపుతారు. జరపకపోయినా, అక్కడ మీ స్థానం ఏమిటో కొంత తెలుస్తుంది. గడువు ఇవ్వలేమని చిన్న కంపెనీ తెగేసి చెబితే అప్పుడు ఎంచుకోక తప్పదు.

ప్రస్తుతానికి ఒప్పేసుకుని, మూడోది వస్తే దీన్ని వదిలేద్దామన్న ఆలోచన మీ ఉత్తరంలో లీలగా కనబడింది. చాలామంది చేసేదే, మహాపాపమని నేను అనను. కానీ మీది అందరికీ అందరూ తెలిసే రంగం. చిన్న కంపెనీవాళ్లు మిగతా అభ్యర్థులను పంపించేసి ఉంటారు, మొదటి ఆవిడ అక్కడ తలదించుకోవాలి. మళ్లీ ఆవిడ ద్వారా మీకు ఏ తలుపూ తెరుచుకోదు. ఆ ఖర్చుకు సిద్ధమైతేనే ఆ దారి. వద్దనుకుంటే శుక్రవారమే వద్దని చెప్పడం కూడా ఒక మర్యాదే, అప్పుడు చేతిలో ఏమీ లేకుండా ఇంకొన్నాళ్లు వెతకాలి. ఏది ఎంచుకున్నా, సంతకమైన ఆఫర్ లెటర్ చేతికి రాకముందు రాజీనామా ఇవ్వకండి. ఇచ్చాక మీ కంపెనీ జీతం పెంచుతాం, ఉండిపొమ్మంటే, మీరు వెళ్లాలనుకున్నది మేనేజరు వల్లనన్న సంగతి గుర్తు తెచ్చుకోండి.

ఈ పనుల వరుస మారకూడదు. ముందు జీతం నిజం, తర్వాత రాతలో ఆఫర్, ఆ తర్వాతే గడువు అడగడం. గడువు తీసుకుని, చివర్లో జీతం సంగతి చెబితే రెండూ చెడతాయి.

రిక్రూటర్లను నమ్మడమే నా తప్పా అని అడిగారు. మీరు నమ్మారని నాకు అనిపించలేదు. నమ్మి ఉంటే మొదటి ఫోన్‌లోనే అసలు జీతం చెప్పేవారు, ఇంకో ఏజెన్సీతో మాట్లాడుతున్నానని ఆవిడకు ఒక మెసేజ్ పెట్టేవారు. వివరాలు దాచిపెట్టి, నిర్ణయాలు మాత్రం ఆవిడ చేతిలో పెట్టారు. దీన్ని తిరగేయండి. మీకున్న అనుభవం, జీతం, మీరు మాట్లాడుతున్న ఇతర ఏజెన్సీలు, చేరలేని రోజులు, ఇష్టం లేని షరతులు ఆవిడకు తెలియాలి. ఏ కంపెనీకి పంపాలి, ఎప్పుడు సరే అనాలి అన్నవి మీ దగ్గర ఉండాలి. ఒక పుస్తకంలో తేదీ, కంపెనీ, ఎవరి ద్వారా, ఏ రెజ్యూమే, ఎంత జీతం చెప్పాను అని రాసుకుంటూ పోతే, హెచ్‌ఆర్‌కు జవాబివ్వడానికి ఈసారి ఐదు నిమిషాలు పట్టేది.

ఆవిడ నొచ్చుకున్న సంగతి కూడా ఆ ఫోన్‌లోనే తేల్చుకోవచ్చు, కానీ అది రెండో మాటగా ఉండనివ్వండి. మొదట క్షమాపణలు, సంజాయిషీలు మొదలుపెడితే అసలు అంకె దగ్గరికి వచ్చేసరికి ధైర్యం సన్నగిల్లుతుంది. పే స్లిప్పు ఎదురుగా పెట్టుకుని, ఆవిడ 'హలో' అనగానే 'నేను చెప్పిన జీతం తప్పు, అసలు అంకె ఇది' అని చదివేయండి. తర్వాత ఆవిడను మాట్లాడనివ్వండి.